పాత విలువను ఎవరైనా చదివారా?

ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి కేంద్రం కారేపల్లి. దాని చుట్టుపక్కల ఉన్న ఇల్లందు, గార్ల, బయ్యారం మండలాలు కూడా 2016 అక్టోబరు 11 దాకా ఇదే జిల్లాలో ఉండేవి. ఆ రోజు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెంలోకి, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లోకి వెళ్లాయి. కారేపల్లి మాత్రం ఖమ్మంలోనే ఉండిపోయింది. ఈ ప్రాంతపు లెక్కలు వేయడానికి 2015లో ఒకరు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశారనుకుందాం. అందులో ఏ మండలం ఏ జిల్లాదో చెప్పే పట్టిక ఉంది, ఇల్లందుకు ఎదురుగా ఖమ్మం అని ఉంది. జిల్లాలు మారాక మరొకరు వచ్చి అదే పట్టిక అడుగున ఇల్లందుకు ఎదురుగా భద్రాద్రి కొత్తగూడెం అని ఇంకో పద్దు చేర్చారు, పైదాన్ని చూడలేదు. పైథాన్ దీనికి ఏ అభ్యంతరమూ చెప్పదు. ఒకే పేరు రెండుసార్లు వస్తే చివరిదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. ప్రోగ్రాం నడుస్తుంది, అంకెలు వస్తాయి, మొత్తాలు కూడా కలుస్తాయి. కానీ 2015 నాటి ఇల్లందు లెక్కలన్నీ అప్పటికి పుట్టని జిల్లా ఖాతాలో పడతాయి. పైఫ్లేక్స్ అనే చిన్న పరికరాన్ని ఆ ఫైలు మీద నడిపితే, ఒకే పేరుకు రెండు వేర్వేరు విలువలు ఇచ్చిన ఆ రెండు వరుసలనూ వేలు పెట్టి చూపిస్తుంది. ఇది ఊహించుకున్న ప్రోగ్రామే అయినా, ఇలాంటి వరుసలు నిజమైన ప్రోగ్రాముల్లో ఎంత సులువుగా పుడతాయో కోడ్ రాసేవాళ్లకు తెలుసు.

పైఫ్లేక్స్ లాగా ప్రోగ్రాంను నడపకుండా దాని పాఠాన్ని మాత్రమే చదివి, అనుమానం ఉన్న చోట హెచ్చరించే పరికరాన్ని లింటర్ అంటారు. ఒకసారి విలువ ఇచ్చిన పేరుకు అనవసరంగా మళ్లీ విలువ ఇవ్వడాన్ని పట్టుకోవడం వీటి పాత పనుల్లో ఒకటి. అయితే ఈ ఒక్క మాట కింద నాలుగు వేరువేరు విషయాలను కలిపేయడం మామూలైపోయింది. ఒకే స్కోప్‌లో, అంటే పేరు చెల్లే ఒకే పరిధిలో, ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు ప్రకటించడం ఒకటి. బయటి స్కోప్‌లో ఉన్న పేరునే లోపలి స్కోప్‌లో కొత్తగా వాడి బయటిదాన్ని కప్పేయడం రెండోది, దీన్ని షాడోయింగ్ అంటారు. వేరియబుల్‌కు ఇచ్చిన విలువను ఎక్కడా వాడకముందే దాని మీద ఇంకో విలువ రాయడం మూడోది, అంటే డెడ్ స్టోర్. ఫంక్షన్‌నో, క్లాస్‌నో, దిగుమతి చేసుకున్న మాడ్యూల్‌నో అదే పేరుతో మళ్లీ నిర్వచించడం నాలుగోది. మొదటి రెండూ పేరుకు సంబంధించినవి, చివరి రెండూ విలువకు సంబంధించినవి. గత యాభై ఏళ్ల పరికరాలను, పరిశోధనలను, వాటి మీద జరిగిన వాదాలను కలిపి చూస్తే నాకు ఒకటే తేలుతోంది. పేరు రెండోసారి కనిపించడం దానంతట అది తప్పు కాదు. మొదటి విలువను ఎవరూ చదవకముందే రెండోది దాని మీద పడితేనే అనుమానించాలి. ఈ రెండింటినీ విడదీసి చూపిన లింటర్‌కు విలువ ఉంది. కలిపేసిన లింటర్‌ను జనం కొన్నాళ్లకు ఆపేస్తారు.

ఈ తేడా మొదట్లోనే కొంత తెలిసింది. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1970ల చివర సి భాష కోసం లింట్ రాశారు, ఈ జాతి పరికరాలన్నిటికీ పేరు దాన్నుంచే వచ్చింది. విలువ పెట్టి ఆపైన ఎక్కడా వాడని లోకల్ వేరియబుల్స్ గురించి ఆయన అప్పుడే రాశారు. అవి వృథాకు కారణం కావడమే కాక బగ్‌కు లక్షణం కూడా కావచ్చన్నది ఆయన గమనిక. దీనికి కావలసిన గణితం అప్పటికే కంపైలర్ల వైపు సిద్ధమై ఉంది. ఒక విలువ ప్రోగ్రాంలో ఏయే దారుల వెంట ఎంతదూరం ప్రయాణిస్తుందో లెక్కగట్టే డేటాఫ్లో విశ్లేషణకు గ్యారీ కిల్డాల్ 1973లో ఒక ఏకరూప పద్ధతి ఇచ్చారు. ఒక విలువ ఒక చోట బతికి ఉందా, అంటే అక్కడి నుంచి ముందుకు పోయే ఏదో ఒక దారిలో దాన్ని ఎవరైనా చదువుతారా అన్న ప్రశ్నకు ప్రోగ్రాం చివరి నుంచి వెనక్కి నడుస్తూ జవాబు కట్టవచ్చు. 1980ల చివర ఐబీఎం పరిశోధకులు తీర్చిదిద్దిన ఎస్ఎస్ఏ రూపం ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో ప్రతి కేటాయింపుకూ కంపైలర్ తనంతట తానే కొత్త పేరు పెట్టుకుంటుంది, మనం పది చోట్ల వాడిన ఒక్క పేరు లోపల పది పేర్లవుతుంది. కంపైలర్ చూపులో పేరు వట్టి అట్ట మాత్రమే, ఏ విలువ ఏ వాడకానికి చేరుతోందన్నదే దానికి అసలు సంగతి. లింటర్లు ఈ పాఠాన్ని పూర్తిగా ఒంటపట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది.

అనవసరమైన రాతకూ తప్పుకూ నిజంగా సంబంధం ఉందా, లేక ఇదంతా శుభ్రతాభిమానమేనా? దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం స్టాన్‌ఫర్డ్‌లో యిచెన్ షీ, డాసన్ ఎంగ్లర్ 2002లో ప్రచురించిన పని. వాళ్లు లినక్స్ కెర్నెల్ మీద నాలుగు రకాల తనిఖీలు నడిపారు: ఫలితం లేని పనులు, ఎవరూ చదవని కేటాయింపులు, ఎప్పటికీ నడవని కోడ్, ముందే తేలిపోయిన షరతులు. వేరియబుల్‌ను దానికే కేటాయించుకోవడం మొదటి రకంలోకి వస్తుంది. ఈ తనిఖీలు నేరుగా చాలా తప్పులను పట్టాయి. అంతకన్నా ముఖ్యం వాళ్లు చూపిన రెండో సంగతి. తమంతట తాము హాని చేయని అనవసరపు రాతలు ఉన్న ఫైళ్లలో, శూన్య పాయింటర్‌ను వాడటం, వేసిన తాళం తీయకపోవడం లాంటి గట్టి తప్పులు కూడా ఎక్కువగా దొరికాయి. దీని కారణం ఊహించడం కష్టం కాదు. ఏ వరుసనైనా మనిషి రాసేది దానికి ఏదో ఒక ప్రభావం ఉండాలనే. రాసిన విలువ ఎవరికీ చేరలేదంటే రాసేటప్పుడు అతని మనసులో ఉన్న ప్రోగ్రాం, తెర మీద ఉన్న ప్రోగ్రాం వేరువేరన్నమాట. ఆ అయోమయం ఒక్క వరుస దగ్గరే ఆగిపోతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

గో భాషలో రోజూ జరిగేది చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఫంక్షన్లు ఫలితంతో పాటు తప్పు జరిగిందో లేదో చెప్పే విలువను కూడా ఇస్తాయి, దానికి అలవాటుగా ఎర్ అని పేరు పెడతారు. మొదటి ఫంక్షన్‌ను పిలిచి ఎర్‌లో వచ్చింది చూడకుండానే రెండో ఫంక్షన్‌ను పిలిచి అదే ఎర్‌లో దాని జవాబు వేసుకుని, చివర ఒక్కసారి ఎర్‌ను పరీక్షించారనుకోండి. మొదటి పనిలో జరిగిన తప్పు జాడ లేకుండా పోయింది. వాడని వేరియబుల్ ఉంటే కంపైల్ చేయనని మొండికేసే గో కంపైలర్ కూడా ఇక్కడ మాట్లాడదు, ఎందుకంటే ఎర్ అనే పేరు చివర వాడకంలో ఉంది కదా. పేరును చూసే తనిఖీకి ఇది సక్రమంగానే కనబడుతుంది. విలువను వెంబడించే తనిఖీ మాత్రం మొదటి కేటాయింపు దగ్గరే ఆగి అడుగుతుంది. ఇనెఫ్‌అసైన్, స్టాటిక్‌చెక్ అనే పరికరాలు చేసేది అదే. పైథాన్ టెస్టులది ఇదే కథ, ఇంకో వేషం. ఒకే టెస్ట్ క్లాస్‌లో రెండు ఫంక్షన్లకు పొరపాటున ఒకే పేరు పెడితే రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది, మొదటి టెస్టు ఇక ఎన్నడూ నడవదు. టెస్టులన్నీ పాసయ్యాయని నివేదిక వస్తుంది, కాపలా కాయాల్సిన చోట కాపలాదారే లేడు. పైథాన్ భాష సొంత ప్రామాణిక లైబ్రరీ టెస్టుల్లోనే ఇలాంటివి బయటపడి, ఒక్కొక్కటీ వెతికి సరిచేయాల్సి వచ్చింది. కాపీ చేసి అతికించి పేరు మార్చడం మరిచిపోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది.

ఇక పేరును మాత్రమే చూసే నియమాల అనుభవం ఎలా ఉందో చూద్దాం. జీసీసీ కంపైలర్‌లో షాడోయింగ్ హెచ్చరిక చాలా కాలంగా ఉంది. ఎక్కడో హెడర్ ఫైలులో ఒక ఫంక్షన్‌కు ఉన్న పేరునే ఒక ఫంక్షన్ లోపల మామూలు లోకల్ వేరియబుల్‌కు పెట్టినా అది అరిచేది. యూనిక్స్ వ్యవస్థల సి లైబ్రరీలో ఇండెక్స్ అనే ఫంక్షన్ ఉందని, లూప్‌లో లెక్కపెట్టే వేరియబుల్‌కు ఆ పేరు పెట్టుకోకూడదంటే ఎవరు వింటారు? ఇలాంటి వాడకం నిజమైన కోడ్‌లో మామూలే, సబబే అని ఒప్పుకుని 4.8 వెర్షన్‌లో జీసీసీ వాళ్లు ఆ హెచ్చరికను తగ్గించారు, తర్వాత 7వ వెర్షన్‌లో దాన్ని స్థాయిలుగా విడగొట్టారు. గో భాష వెట్ పరికరంలోనూ షాడోయింగ్ తనిఖీ ప్రయోగాత్మకంగానే మిగిలి, 2019లో వచ్చిన 1.12 వెర్షన్‌తో బయటికి పోయింది. పైలింట్ అనే పైథాన్ లింటర్‌ది మరో ఇబ్బంది. పైటెస్ట్ అనే టెస్టు పరికరాన్ని వాడేవాళ్లు, టెస్టుకు కావలసినవి సిద్ధం చేసే ఫిక్స్చర్ ఫంక్షన్ పేరునే టెస్టుకు పారామీటర్‌గా రాయాలి, ఆ పరికరం పనిచేసే పద్ధతే అది. పైలింట్‌కు అది బయటి పేరును కప్పేయడంగా కనబడి ఫైలు నిండా హెచ్చరికలు పోస్తుంది, జనం ఆ నియమాన్నే ఆపేస్తారు. అలా ఆపేసిన రోజునుంచి నిజంగా ప్రమాదకరమైన షాడోయింగ్ కూడా కనపడకుండా పోతుంది.

రస్ట్ భాష ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది, నా వాదనకు అదే గట్టి ఆధారం. అక్కడ పేరును మళ్లీ వాడుకోవడం తప్పు కాదు, అలవాటు. వినియోగదారు ఇచ్చిన పాఠాన్ని ఒక పేరుతో తీసుకుని, దాన్ని అంకెగా మార్చి అదే పేరులో పెట్టుకోవడం రస్ట్ రాసేవాళ్లందరూ చేసేదే. పాత పాఠం ఇక కనపడదు కనుక దాన్ని పొరపాటున మళ్లీ వాడే అవకాశమూ ఉండదు. షాడోయింగ్‌ను నిషేధించే నియమాలు క్లిప్పీ అనే రస్ట్ లింటర్‌లో ఉన్నాయి గానీ, కోరి పెట్టుకుంటే తప్ప పనిచేయని వర్గంలో ఉంచారు. అదే సమయంలో ఒక విలువ రాసి, చదవకముందే దాని మీద ఇంకోటి రాస్తే మాత్రం ఎవరూ అడగకుండానే కంపైలర్ హెచ్చరిస్తుంది. అంటే పేరుకు స్వేచ్ఛ ఇచ్చి విలువకు లెక్క అడిగింది. మెమరీ భద్రత విషయంలో ఎంతో కఠినంగా ఉండే భాష ఈ సంగతిలో ఇలా తేల్చడం ఆలోచించి చేసిన పనే. పైఫ్లేక్స్ కూడా ఈ దారిలోనే నడుస్తుంది. దిగుమతినో ఫంక్షన్‌నో మళ్లీ నిర్వచిస్తే అది ఊరికే ఫిర్యాదు చేయదు, మొదటిదాన్ని మధ్యలో ఎవరూ వాడకపోతేనే చేస్తుంది. ఒక మాడ్యూల్ దొరక్కపోతే ఇంకోదాన్ని అదే పేరుతో తెచ్చుకునే ట్రై-ఎక్సెప్ట్ రాతను, షరతును బట్టి రెండు కొమ్మల్లో రెండు నిర్వచనాలు ఉండటాన్ని అది అర్థం చేసుకుని వదిలేస్తుంది.

జావాస్క్రిప్ట్ చరిత్ర కూడా ఇదే దిశలో సాగింది. వార్‌తో ప్రకటించిన పేరును ఎన్నిసార్లు మళ్లీ ప్రకటించినా ఆ భాష పట్టించుకోదు, అందుకే డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌లింట్ కాలం నుంచీ దీని మీద నియమాలు ఉన్నాయి. 2015 ప్రమాణంతో లెట్, కాన్స్ట్ వచ్చాక ఒకే స్కోప్‌లో రెండోసారి ప్రకటించడం భాషే ఒప్పుకోని తప్పయింది, నికొలస్ జకాస్ 2013లో మొదలుపెట్టిన ఈఎస్‌లింట్‌లోని నో-రీడిక్లేర్ నియమానికి పని సగం తగ్గింది. కానీ ప్రకటన ఒకసారే ఉండి విలువ రెండుసార్లు మారే తప్పు అలాగే మిగిలింది. దాన్ని విలువ వెంట నడిచి పట్టుకునే నో-యూజ్‌లెస్-అసైన్‌మెంట్ నియమం ఈఎస్‌లింట్‌లోకి 2024లో, 9వ వెర్షన్‌తో గానీ రాలేదు. పేరును పోల్చడం సులువు, దారులన్నీ నడిచి చూడటం కష్టం. పరికరాలు సులువైనది ముందు చేశాయి, అవసరమైనది తర్వాత చేశాయి. జీసీసీ 4.6 నుంచి సాధారణ హెచ్చరికల్లో చేరిన తనిఖీ కూడా సగం దూరమే వెళ్తుంది, విలువ పెట్టి ఎక్కడా చదవని వేరియబుల్‌నే పట్టుకుంటుంది. ఒక్కసారైనా చదివిన వేరియబుల్‌లో వృథా అయిన ఇతర కేటాయింపులు కావాలంటే క్లాంగ్ స్టాటిక్ అనలైజర్ లాంటిది నడపాలి.

ఇక్కడ కంపైలర్లు తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెప్తారు. డెడ్ స్టోర్‌లను ఆప్టిమైజర్ ఎలాగూ తీసేస్తుంది, నడిచే వేగానికి నష్టం లేదు, మరి వాటి మీద ఇంత చర్చ ఎందుకని. వేగం గురించి అయితే వాళ్ల మాట నిజమే. కానీ ఆప్టిమైజర్ తీసేసేది వరుసను మాత్రమే, ఆ వరుస ఎందుకు వృథా అయిందన్న ప్రశ్నను కాదు. చూడని ఎర్ విలువను అది శుభ్రంగా తుడిచేస్తుంది, తప్పు అలాగే ఉంటుంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. వేరియబుల్‌ను ప్రకటించేటప్పుడే సున్నానో శూన్యమో పెట్టడం జాగ్రత్తపరుల అలవాటు, దాన్ని తప్పంటే మంచి అలవాటును శిక్షించినట్టే అంటారు. ఈ వాదంలో న్యాయం ఉంది కాబట్టే క్లాంగ్ అనలైజర్ స్థిరమైన తొలి విలువలను చూసీచూడనట్టు వదిలేస్తుంది. అయినా ఈ అలవాటుకు ఖర్చు ఉందని చెప్పాలి. జావా, సీ-షార్ప్ లాంటి భాషల్లో విలువ ఇవ్వని లోకల్ వేరియబుల్‌ను చదివితే కంపైలర్ ఆపేస్తుంది. అక్కడ ముందుజాగ్రత్తగా పెట్టిన సున్నా ఆ కాపలాను నిద్రపుచ్చుతుంది. ఒక కొమ్మలో విలువ ఇవ్వడం మరిచిపోతే కంపైలర్ చెప్పాల్సిన మాట చెప్పదు, సున్నా నిశ్శబ్దంగా లెక్కల్లోకి వెళ్లిపోతుంది. సున్నా అర్థవంతమైన జవాబయ్యే చోట, మార్కుల్లో గానీ బకాయిల్లో గానీ, ఇది చిన్న విషయం కాదు.

మూడో అభ్యంతరం మనుషుల గురించి. హెచ్చరికలు ఎక్కువైతే ఎవరూ చదవరు. దీనికి ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. కవరిటీ సంస్థ వాళ్లు 2010లో తమ అనుభవం రాస్తూ తప్పుడు హెచ్చరికలు 30 శాతం దాటితే చిక్కులు మొదలవుతాయని, జనం పరికరాన్నే పట్టించుకోరని చెప్పారు. గూగుల్‌లో ట్రైకార్డర్ అనే కోడ్ విశ్లేషణ వేదిక దీన్ని ఇంకా కచ్చితంగా మార్చుకుంది. హెచ్చరిక సిద్ధాంతరీత్యా సరైనదా కాదా అని అడగలేదు, చూసినవాళ్లు దానివల్ల ఏమైనా చేశారా లేదా అన్నదే కొలత చేసుకుంది. పనికిరానివని తేలేవి 10 శాతం లోపు ఉండాలని గీత గీసింది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2019లో రాసినదాంట్లో మరో పాఠం ఉంది. కోడ్ మార్పును సమీక్షకు పెట్టిన క్షణంలో హెచ్చరిక చూపితే దాదాపు 70 శాతం సరిచేశారు, అవే హెచ్చరికలను తర్వాత జాబితాగా పంపితే సరిచేసినవి దాదాపు సున్నా. ఈ మూడింటినీ కలిపి చదివితే అభ్యంతరం లింటర్ల మీద కాదని, గురి లేని లింటర్ల మీద అని తేలుతుంది. పేరు కలిసిన ప్రతిచోటా అరవడం కాక, చదవని విలువ పోయిన చోటే, అదీ రాసిన మనిషికి ఆ వరుస ఇంకా గుర్తున్నప్పుడే చెప్పాలి. పదేళ్ల కిందటి కోడ్ మీద ఒకేసారి వేల హెచ్చరికలు కుమ్మరించి అన్నీ సరిచేయమనడం మంచి పద్ధతి కాదు, అందులో ప్రమాదం కూడా ఉంది.

ఎందుకు ప్రమాదమో డెబియన్ ఉదంతం చెబుతుంది. 2006లో డెబియన్ లినక్స్ వాళ్లు ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గూఢలిపి లైబ్రరీ ప్యాకేజీలో రెండు వరుసలను తీసేశారు. విలువ పెట్టని మెమరీని చదువుతున్నారని వాల్‌గ్రైండ్ లాంటి పరికరాలు ఫిర్యాదు చేయడమే అందుకు కారణం. తీసేసిన వరుసల్లో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే నిల్వలోకి అసలైన అనిశ్చితిని కలిపేది. అది పోయాక మిగిలిన మార్పు ప్రాసెస్ నంబరు ఒక్కటే, అంటే గరిష్ఠంగా 32,768 రకాలు. 2008 మేలో లూసియానో బెల్లో బయటపెట్టేదాకా ఆ ప్యాకేజీతో తయారైన గూఢలిపి తాళంచెవులన్నీ ఊహించగలిగేవే. ఇది లింటర్ చెప్పింది కాదు, మళ్లీ నిర్వచించడమూ కాదు, కానీ మన విషయానికి నేరుగా తగులుతుంది. హెచ్చరికను ఆపడమే లక్ష్యమైనప్పుడు మనిషి చేసేది ఇదే. డెడ్ స్టోర్‌లకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. వాడిన పాస్‌వర్డ్‌ను మెమరీలోంచి చెరిపేయడానికి చివర సున్నాలు రాస్తారు. ఆ సున్నాలను ఎవరూ చదవరు కనుక కంపైలర్‌కు అది వృథా పని, తీసేస్తుంది, పాస్‌వర్డ్ మెమరీలోనే ఉండిపోతుంది. దీన్ని ఆపడానికే ఎక్స్‌ప్లిసిట్-బీజీరో లాంటి ప్రత్యేక ఫంక్షన్లు వచ్చాయి. కాబట్టి చదవని విలువ అనుమానానికి కారణమే తప్ప శిక్షకు కాదు. రెండు వరుసల్లో ఏది ఉండాలో ప్రోగ్రాం పాఠంలో రాసి ఉండదు. తనంతట తానే దిద్దే సదుపాయం చాలా లింటర్లలో ఉంది, పైథాన్ కోసం రస్ట్‌లో రాసిన రఫ్‌లో అది మెరుపు వేగంతో పనిచేస్తుంది. ఖాళీలు, వరుస క్రమం దిద్దడానికి అది వరమే. చదవని కేటాయింపును చెప్పకుండా చెరిపేయడానికి మాత్రం దాన్ని వాడకూడదని నా గట్టి అభిప్రాయం. చెరిపేస్తే హెచ్చరికతో పాటు సాక్ష్యం కూడా పోతుంది.

ఇల్లందు పట్టికలోనూ ఇదే జరుగుతుంది. రెండు పద్దుల్లో ఒకటి తీసేయమంటే సహజంగా పాతది తీసేస్తారు, పైఫ్లేక్స్ నోరు మూస్తుంది, 2015 లెక్కలు తప్పుగానే ఉంటాయి. నిజానికి ఆ రెండు విలువలూ సరైనవే, వేరువేరు తేదీలకు. లోపం పునరుక్తిలో లేదు, పట్టికలో తేదీకి చోటు లేకపోవడంలో ఉంది. ఈ అడవి అంచు ప్రాంతంలో అది అరుదైన సందర్భం కూడా కాదు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఇందులోకి వచ్చింది. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని భాగాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వాజేడు ప్రాంతాన్ని తీసుకుంటే తూర్పు గోదావరి, ఖమ్మం, 2016లో జయశంకర్ భూపాలపల్లి, 2019లో ములుగు, నాలుగు జిల్లాలు వస్తాయి. ఒక్క పేరుకు నాలుగు విలువలు, నాలుగూ నిజాలు. మండలం పేరుతో పాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది కూడా పద్దులో ఉంటే ఏ విలువా మరొకదాన్ని కప్పేయదు. లింటర్ ఇంత చెప్పలేదు. కానీ అది చూపిన రెండు వరుసల ముందు ఆగి ఎందుకని అడిగితే ఇక్కడికి చేరగలం, ఒకటి తుడిచేస్తే చేరలేం.

తెలుగులో డేటా ఉన్నప్పుడు దీనికి తలకిందులైన సమస్య ఒకటి ఉంది, దాని మీద రావలసినంత చర్చ రాలేదు. పునరుక్తి ఉంటుంది, లింటర్‌కు కనబడదు. ఇల్లందు అని ఒకరు, ఇల్లెందు అని ఒకరు రాస్తారు. మండలం సింగరేణి అని ప్రభుత్వ రికార్డు, కారేపల్లి అని జనం వాడుక, ఇక సింగరేణి అంటే కొత్తగూడెంలో కేంద్రం ఉన్న బొగ్గు సంస్థ కూడా. ఇవి కంటికి కనబడే తేడాలు. కనబడనివి ఇంకా కష్టం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు తోక అనే రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. పైథాన్ 3 వేరియబుల్ పేర్లలో తెలుగును ఒప్పుకుని, ఇలాంటివాటిని ఒకే రూపానికి మార్చుకుంటుంది, అంటే రెండూ ఒకే వేరియబుల్ అవుతాయి. కొటేషన్లలో ఉన్న పాఠాన్ని మాత్రం అలా మార్చదు. జావాస్క్రిప్ట్ పేర్లను కూడా మార్చదు, అందులో చూపుకు ఒకటే అయిన రెండు పేర్లు రెండు వేరియబుల్స్‌గా బతుకుతాయి. పొల్లు విడిగా కనబడాలని కీబోర్డులు మధ్యలో పెట్టే జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనపడని గుర్తు పదం చివర మిగిలిపోతే పట్టికలో రెండు ఖమ్మంలు ఉంటాయి, ఏ తనిఖీకీ అవి ఒకటిగా కనబడవు. రస్ట్ 2021లో ఇంగ్లీషేతర పేర్లను అనుమతించినప్పుడు ఒకదానికొకటి పొరబడే పేర్లపై హెచ్చరికలను కూడా చేర్చింది. మిగతా లింటర్లలో కొటేషన్లలోని పాఠాలకు అలాంటిది రావాలి. అప్పటిదాకా పాఠాన్ని లోపలికి తీసుకునే చోటే ఒకే రూపానికి మార్చుకోవడం, పేర్లకు బదులు కేంద్ర ప్రభుత్వపు స్థానిక సంస్థల డైరెక్టరీ ఇచ్చే అంకెల కోడ్‌లను వాడటం మేలు.

చివరగా నా వాదన పనిచేయని చోటు ఒకటి ఉంది. పాత విలువను ఎవరైనా చదివారా అని అడగాలంటే ముందు వెనకలు తెలియాలి, అంటే ఏ వరుస ఏ వరుస తర్వాత నడుస్తుందో పాఠంలో ఉండాలి. కోడ్‌ను సెల్‌లనే ముక్కలుగా రాసి విడివిడిగా నడిపే జుపిటర్ నోట్‌బుక్‌లో అది ఉండదు. సెల్‌లను మనిషి తనకు తోచిన క్రమంలో నడుపుతాడు, మూడో సెల్ తర్వాత మొదటిది మళ్లీ నడుపుతాడు, సెల్‌ను చెరిపేసినా అది సృష్టించిన వేరియబుల్ మెమరీలో ఉండిపోతుంది. గిట్‌హబ్‌లోని దాదాపు 14 లక్షల నోట్‌బుక్‌లను పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో, మళ్లీ నడిపి చూసినవాటిలో 24.11 శాతమే తప్పులు లేకుండా నడిచాయి, పాత ఫలితాలే తిరిగి వచ్చినవి 4.03 శాతం. లైబ్రరీలు దొరకకపోవడం వంటి కారణాలు కూడా ఇందులో ఉన్నాయి, అంతా పేర్ల తప్పు కాదు. అయినా క్రమం తెలియని చోట విలువను వెంబడించే విశ్లేషణకు కాలు నిలవదు. అందుకే జూలియా భాషలోని ప్లూటో, పైథాన్‌లోని మారిమో ఒకే గ్లోబల్ పేరును రెండు సెల్‌లు నిర్వచించడాన్ని నేరుగా తప్పుగా ప్రకటించి ఆపేస్తాయి. అక్కడ పేరు మీద నిషేధమే సరైనది, ఎందుకంటే ప్రతి పేరుకూ ఒకే పుట్టిల్లు ఉంటేనే ఏ సెల్ దేని తర్వాత నడవాలో పరికరం లెక్కగట్టగలదు. రఫ్ ఇప్పుడు జుపిటర్ ఫైళ్లనూ తనిఖీ చేస్తుంది, కానీ సెల్‌లను పై నుంచి కిందికి ఒకే ఫైలుగా చదువుతుంది. సెల్‌లను క్రమం తప్పించి నడిపిన నోట్‌బుక్‌కు అది తప్పుల్లేవని చెప్తే, నోట్‌బుక్ వెనక కోడ్‌ను నడిపే కెర్నెల్‌ను మూసి మళ్లీ మొదలుపెట్టి, మొదటి సెల్ నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూశాకే ఆ మాటను లెక్కలోకి తీసుకోవాలి.